డిజైన్ స్ట్రాటజిస్ట్ కావాలంటే ఏ దారి: ఎం.డెస్సా, ఎంబీఏనా, ఉన్న ఉద్యోగమేనా?

ఖమ్మం జిల్లాలో ఒక ఎరువుల దుకాణం ముందు బల్ల మీద మూడు రోజులు కూర్చున్నాను. మిర్చి రైతుల కోసం ఒక కంపెనీ యాప్ చేసింది. ఆకు ఫొటో తీసి పెడితే తెగులు ఏమిటో, ఏ మందు కొట్టాలో చెబుతుంది. డౌన్‌లోడ్లు బాగానే ఉన్నాయి, రెండోసారి తెరిచేవాళ్లే లేరు. స్క్రీన్లు ఇంకాస్త సులువుగా చేసి ఇమ్మని మా టీమ్‌కి పని అప్పగించారు.

రెండో రోజు పొద్దున్నే ఒక రైతు పాలిథిన్ కవర్లో మిర్చి కొమ్మ పట్టుకొచ్చాడు. ఆకులు పైకి ముడుచుకుపోయి దొప్పల్లా ఉన్నాయి. "అన్నా, మొన్న ఇచ్చిన మందు కొట్టినా ముడత ఆగట్లేదు" అన్నాడు. షాపాయన ఆకు తిప్పి చూశాడు. పువ్వును అరచేతిలో దులిపి, రాలిన పురుగుల్ని వెలుగులో పెట్టి చూశాడు. "ఎన్ని ట్యాంకులు కొట్టావు?" అని అడిగి, ఇంకో డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టాడు. తర్వాత ఎర్ర అట్ట పుస్తకంలో ఆ రైతు పేరున్న పేజీ తీసి రాసుకున్నాడు. డబ్బు చేతులు మారలేదు, పంట అమ్మాకే లెక్క. ఇదంతా అయ్యేసరికి పది నిమిషాలు పట్టింది. అంతసేపూ రైతు ఫోన్ చొక్కా జేబులోనే ఉంది. అడిగితే తీసి చూపించాడు, అందులో మా యాప్ ఉంది.

స్క్రీన్ ఎంత అందంగా చేసినా ఆ ఫోన్ జేబులోంచి బయటికి రాదని నాకు అప్పుడు అర్థమైంది. అప్పు ఇచ్చేవాడి దగ్గరికే రైతు వెళ్తాడు, ఆయన ఇచ్చిన మందే కొడతాడు. యాప్ ఇంకో మందు పేరు చెబితే అది కొనడానికి చేతిలో రొక్కం ఉండాలి. కాబట్టి మేం తిరిగి పట్టుకెళ్లాల్సిన ప్రశ్న మారిపోయింది. ఈ యాప్ ఎవరి చేతిలో ఉండాలి, రైతు చేతిలోనా, షాపాయన చేతిలోనా? షాపాయన చేతిలో పెడితే ఆయన సలహా ఆయన అమ్మకాల వైపు మొగ్గకుండా ఏం చేయాలి? ఇలాంటి ప్రశ్న కనిపెట్టి, దాన్ని కంపెనీ పెద్దల ముందు రుజువులతో, లెక్కలతో పెట్టి, ఒక నిర్ణయం దాకా నడిపించడం డిజైన్ స్ట్రాటజిస్ట్ పని.

ఆ లెక్కల దగ్గరే నేను తడబడ్డాను. మీటింగ్‌లో ఫొటోలు చూపించాను, రైతుల మాటలు వినిపించాను, అందరూ శ్రద్ధగా విన్నారు. ఫైనాన్స్ చూసే ఆవిడ ఒకే మాట అడిగారు: "ఒక్కో షాపును చేర్చుకోవడానికి మనకయ్యే ఖర్చెంత, అది ఎన్ని సీజన్లలో తిరిగొస్తుంది?" నా దగ్గర జవాబు లేదు. నిర్ణయం మూడు వారాలు వాయిదా పడింది. నేను డిజైన్ వైపు నుంచి వచ్చినవాణ్ని. మనుషులు ఎందుకు అలా చేస్తారో చెప్పగలను, రూపాయి ఎలా తిరుగుతుందో చెప్పలేకపోయాను.

ఈ పనికి రెండు సగాలు. ఒకటి మనుషుల సగం: దగ్గర కూర్చుని చూడటం, వినడం, చూసినదానికి ఒక రూపం ఇవ్వడం. రెండోది డబ్బు సగం: ఖర్చు, ఆదాయం, సంస్థలో ఎవరు దేనికి ఒప్పుకుంటారు అన్న లెక్క. మన చదువులు చాలావరకు ఒక సగమే ఇస్తాయి. అందుకే ఏ కోర్సు గొప్పది అని అడిగే ముందు మీ దగ్గర ఏ సగం లేదో చూసుకోండి. కింద రాసిన పోలికంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

## ముందు ఈ పని మీకు సరిపడుతుందా

పక్కపక్క ఉద్యోగాల పేర్లు జనాన్ని బాగా తికమక పెడతాయి. ఖమ్మం పనినే ఒక్కొక్కరి చేతికి ఇచ్చి చూద్దాం.

యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్, అంటే వాడేవాళ్ల అనుభవం) డిజైనర్ చేతికిస్తే ఫొటో బటన్ ఎక్కడుండాలి, అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలి, చేలో సిగ్నల్ లేకపోతే ఏం కావాలి అని ఆలోచిస్తారు. యాప్ ఉండాలన్నది వాళ్ల దగ్గరికి వచ్చేసరికే తేలిపోయి ఉంటుంది. యూఎక్స్ రీసెర్చర్ నాలాగే బల్ల మీద కూర్చుని, నాకన్నా పద్ధతిగా నోట్సు రాస్తారు. చాలా కంపెనీల్లో వాళ్ల పని రిపోర్టు ఇవ్వడంతో ఆగిపోతుంది. ప్రోడక్ట్ మేనేజర్ వచ్చే మూడు నెలల్లో ఏ ఫీచర్ ముందు రావాలి, ఇంజనీర్లు ఎంతమంది కావాలి అన్నది చూస్తారు. మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ మార్కెట్ ఎంత పెద్దది, పోటీ ఎవరు అన్నదాని మీద మంచి లెక్క కడతారు, దుకాణం ముందు మూడు రోజులు కూర్చునే వీలు వాళ్లకు అరుదు. సర్వీస్ డిజైనర్ మనకు బాగా దగ్గరి చుట్టం. షాపు, గోడౌన్, కాల్ సెంటర్, రైతు ఇల్లు, అన్నీ కలిపి ఒకే పటంగా గీస్తారు. కొన్ని సంస్థల్లో సర్వీస్ డిజైనర్, డిజైన్ స్ట్రాటజిస్ట్ ఒకరే.

స్ట్రాటజిస్ట్ వీటన్నిటికీ ముందున్న మలుపులో నిలబడతారు. ఎవరి కోసం చేస్తున్నాం, ఎందుకు, దీని కోసం దేన్ని వదులుకుంటున్నాం అన్నవి తేలేది అక్కడే. బ్రిటన్ డిజైన్ కౌన్సిల్ 2000ల మధ్యలో ప్రచారంలోకి తెచ్చిన డబుల్ డైమండ్ బొమ్మ మీరు చూసే ఉంటారు. మొదటి వజ్రంలో సమస్య ఏమిటో వెతికి తేల్చుకుంటారు, రెండో వజ్రంలో పరిష్కారం తయారు చేస్తారు. స్ట్రాటజిస్ట్ రోజులు ఎక్కువగా మొదటి వజ్రంలోనే గడుస్తాయి.

స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల ఎంబ్రేస్ కథ దీనికి మంచి ఉదాహరణ. 2007లో వాళ్లకిచ్చిన పని ఇన్‌క్యుబేటర్‌ను చౌకగా చేయడం. నేపాల్ వెళ్లి చూస్తే నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో చాలామంది ఆసుపత్రి దాకానే రావట్లేదు, పల్లెల్లోనే చనిపోతున్నారు. ఆసుపత్రిలో పెట్టే యంత్రాన్ని ఎంత చౌక చేసినా ఆ పిల్లలకు అందదు. అందుకని కరెంటు నిరంతరం అక్కర్లేకుండా కొన్ని గంటలు వెచ్చగా ఉంచే చిన్న పడక సంచీ తయారైంది. యంత్రం గీయకముందే అసలు మలుపు వచ్చేసింది.

రెండో సగం తప్పితే ఏమవుతుందో గోద్రెజ్ చోటూకూల్ చూపిస్తుంది. కంప్రెసర్ లేకుండా, బ్యాటరీ మీద కూడా నడిచే ఈ చిన్న కూలింగ్ పెట్టెను ఫ్రిజ్ కొనలేని గ్రామీణ కుటుంబాల కోసం 2010 ప్రాంతంలో తెచ్చారు. వాళ్లతో కలిసి కూర్చుని, చూసి చేసిన వస్తువే. అయినా అనుకున్న ఇళ్లలో అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. తర్వాత కారులో పెట్టుకునేవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు, పట్నం కుర్రకారు వైపు తిప్పాల్సి వచ్చింది. దీన్ని ఓటమి కథగా మాత్రమే చెప్పుకోవడం నాకు నచ్చదు, ఎందుకంటే అలా తిప్పడం కూడా స్ట్రాటజీ పనే.

మన ఇంటి ఉదాహరణ కూడా ఒకటుంది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో మొదటి విడతగా 161 సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చింది. ఇంకో కొత్త యాప్ చేయాలా, జనం రోజూ తెరిచే చోటికే వెళ్లాలా? వాట్సాప్ వాడని పెద్దవాళ్ల పని ఎక్కడ జరగాలి? ఒక స్ట్రాటజిస్ట్ టేబుల్ మీద ఉండే ప్రశ్నలు ఇలాంటివే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బొమ్మ గీయడం, రంగు కలపడం, స్క్రీన్ మీద ఒక్కో పిక్సెల్ సర్దడం మీకు ప్రాణమైతే ఈ పని మీకు బాధ కలిగిస్తుంది. నా వారంలో రెండు రోజులు మనుషులతో మాట్లాడటం, ఒక రోజు ఎక్సెల్, ఒక రోజు రాయడం, ఒక రోజు మీటింగులు. చేతితో చేసేది అరుదుగా ఒక కాగితం నమూనా. నాతో పనిచేసిన ఒక మంచి డిజైనర్ ఏడాది ఈ పని చేసి, మళ్లీ స్క్రీన్ల వైపు వెళ్లిపోయింది, ఇప్పుడు సంతోషంగా ఉంది. పేరులో స్ట్రాటజీ ఉంది కాబట్టి ఇది పైమెట్టు అనుకుని రావద్దు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను ఐదు విషయాలు చూడమంటాను. మొదటిది పైన చెప్పిందే, మీకు లేని సగాన్ని ఆ దారి నింపుతుందా. రెండోది డబ్బు. ఫీజు ఒక్కటే కాదు, జీతం ఆగిపోయే నెలలు కూడా కలిపి లెక్కేయండి, చాలామంది ఇది మర్చిపోతారు. మూడోది ప్రవేశం ఎలా, ఏ పరీక్ష, దానికి ఎన్ని నెలలు పోతాయి. నాలుగోది, చదివేటప్పుడు నిజమైన సంస్థతో, నిజమైన మనుషుల మధ్య పని దొరుకుతుందా. ఐదోది, బయటికి వచ్చాక మొదటి ఉద్యోగం ఏ పేరుతో వస్తుంది. మొదటి ఉద్యోగమే డిజైన్ స్ట్రాటజిస్ట్‌గా దొరకడం మన దేశంలో అరుదు. రీసెర్చరో, సర్వీస్ డిజైనరో, ప్రోడక్ట్ డిజైనరో అయి రెండు మూడేళ్లకు ఇటు తిరిగినవాళ్లే ఎక్కువ.

| దారి | కాలం | ఖర్చు | నింపే సగం | ప్రవేశం |
|---|---|---|---|---|
| మన దేశంలో ఎం.డెస్ (డిజైన్‌లో మాస్టర్స్ డిగ్రీ) | 2 నుంచి 2.5 ఏళ్లు | ఐఐటీల్లో తక్కువ, మిగతాచోట్ల మధ్యస్థం | మనుషుల సగం | సీడ్ (CEED) లేదా ఎన్ఐడీ డాట్ (DAT) పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ |
| ఎంబీఏ | 1 నుంచి 2 ఏళ్లు | పేరున్నచోట 20 లక్షలు దాటుతుంది | డబ్బు సగం | క్యాట్ లేదా జీమ్యాట్ |
| విదేశాల్లో స్ట్రాటజిక్ డిజైన్ మాస్టర్స్ | సాధారణంగా 2 ఏళ్లు | అన్నిటికన్నా ఎక్కువ | రెండూ, కొంతమేర | పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల కూర్పు), ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసం), ఇంగ్లీషు పరీక్ష |
| ఉన్న ఉద్యోగంలోనే మారడం | 2 నుంచి 4 ఏళ్లు | జీతం ఆగదు | మీ చొరవను బట్టి | మీ మేనేజర్ |
| చిన్న కోర్సులు | వారాలు, నెలలు | తక్కువ | పరిభాష వస్తుంది | ఏమీ అక్కర్లేదు |

## మన దేశంలో ఎం.డెస్

బీటెక్, బీకాం, బీఏ చదివి డిజైన్ అంటే ఏమిటో తెలియకుండా ఇటు రావాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పే దారి ఇదే. రెండేళ్లపాటు మీ చేత గీయిస్తారు, చేయిస్తారు, ఊళ్లకు పంపిస్తారు. చేసినదాన్ని పదిమంది ముందు పెట్టి విమర్శించడం, ఆ విమర్శను తట్టుకోవడం అలవాటవుతుంది. ఆ తర్వాత ఏ మీటింగ్ రూమూ మిమ్మల్ని అంతగా భయపెట్టదు.

మన పనికి పేరులోనే దగ్గరగా ఉన్నది ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వారి స్ట్రాటజిక్ డిజైన్ మేనేజ్‌మెంట్. 1961లో అహ్మదాబాద్‌లో మొదలైన ఎన్ఐడీకి గాంధీనగర్‌లో పీజీ క్యాంపస్ ఉంది, ఈ కోర్సు అక్కడ నడుస్తుంది. రెండున్నరేళ్ల ఎం.డెస్. ప్రవేశానికి డాట్ పరీక్ష, ప్రిలిమ్స్ ఒకటి, మెయిన్స్ ఒకటి. వ్యాపారం, డిజైన్ రెండింటినీ ఒకే గదిలో కూర్చోబెట్టిన కోర్సులు మన దేశంలో తక్కువ, అందుకే సీటు దొరకడం కష్టం.

రెండో గేటు సీడ్, ఇదీ ఎం.డెస్ ప్రవేశానికి రాసే పరీక్షే. ఐఐటీ బొంబాయి ఏటా జనవరిలో నిర్వహిస్తుంది. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ ఉంటే చాలు, ఏ సబ్జెక్టైనా సరే, వయసు పరిమితి లేదు. ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది కంప్యూటర్ మీద, రెండోది కాగితం మీద గీసి, రాసి చూపించేది. బొమ్మలు రావని భయపడేవాళ్లకు నా అనుభవం చెబుతాను: ఫొటోలాగా గీయడం ఇక్కడ అక్కర్లేదు. బస్‌స్టాప్‌లో నిలబడ్డ మనిషి ఏ ఇబ్బంది పడుతున్నాడో చూసేవాడికి తెలిసేలా గీస్తే చాలు. ఆరు నెలలు రోజూ అరగంట గీస్తే అది వచ్చేస్తుంది. సీడ్ స్కోరు వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు, ఒక్కో సంస్థకు విడిగా దరఖాస్తు పెట్టుకుని ఇంటర్వ్యూలు దాటాలి. స్కోరు ఏడాది వరకే పనికొస్తుంది.

సీడ్ ద్వారా వెళ్లేవాటిలో 1969లో మొదలైన ఐఐటీ బొంబాయి డిజైన్ స్కూల్ ఐడీసీ పాతది, పేరున్నది. మనకు దగ్గరిది సంగారెడ్డి జిల్లా కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్. ఐఐటీల్లో ఎం.డెస్ ఫీజు పెద్ద ఐఐఎంల ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ. అప్పు నెత్తిన వేసుకోకుండా ఈ రంగంలోకి రాగలిగే మంచి అవకాశం ఇదే.

దీనికి ఉన్న లోటు కూడా చెప్పాలి. ఎం.డెస్ ముగిసేసరికి చాలామంది బ్యాలెన్స్ షీటు చదవలేరు. కంపెనీ ఎందుకు వద్దంటోందో అర్థం కాక, వాళ్లకు మనుషులంటే పట్టింపు లేదని నిరాశ పడతారు. నేనూ అలాగే పడ్డాను. చదువు రెండో ఏడాదిలోనే అకౌంట్స్ ప్రాథమికాలు, ఒక యూనిట్ మీద లాభనష్టాలు లెక్కేయడం విడిగా నేర్చుకోండి.

ఇంటర్ దశలో ఉన్న పిల్లలున్న తల్లిదండ్రులకు చిన్న సమాచారం. విజయవాడ దగ్గర 2015లో మొదలైన ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్ల బి.డెస్ (డిజైన్‌లో డిగ్రీ) ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో యూసీడ్ (బి.డెస్ ప్రవేశ పరీక్ష) ద్వారా బి.డెస్ చేయొచ్చు. స్ట్రాటజీ మాట ఆ వయసులో తలకెత్తుకోనక్కర్లేదు.

## ఎంబీఏ

యూఎక్స్ డిజైనర్‌గా నాలుగైదేళ్లు చేసి, నిర్ణయాలు జరిగే గదిలో తన మాట చెల్లట్లేదని బాధపడేవాళ్లకు ఎంబీఏ బాగా పనిచేస్తుంది. అక్కడ మాట్లాడే భాష వస్తుంది. పైన నేను తడబడ్డ ప్రశ్నకు జవాబు ఎంబీఏ చదివినవాళ్లు పది నిమిషాల్లో ఒక షీటు మీద వేసి ఇస్తారు.

గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్)లో ఏడాది కోర్సు ఉంది, ఉద్యోగ అనుభవం ఉండాలి, జీమ్యాట్ లేదా జీఆర్ఈ స్కోరు కావాలి. ఏడాదే కాబట్టి జీతం ఆగే కాలం తక్కువ, కానీ ఖర్చు 30 లక్షలు దాటుతుంది. ఐఐఎంలకు క్యాట్ రాయాలి, రెండేళ్లు చదవాలి.

ఇక్కడి చిక్కు ఫీజు కన్నా పెద్దది. అంత అప్పు చేసి బయటికి వచ్చినవాళ్లకు క్యాంపస్‌లో కన్సల్టింగ్, ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ ఆఫర్లు కళ్ల ముందు ఉంటాయి. డిజైన్ స్ట్రాటజీ ఉద్యోగం క్యాంపస్‌కు రావడం చాలా తక్కువ. ఈఎంఐ మొదలయ్యాక ఇష్టమైన పని కోసం తక్కువ జీతానికి చేరడం అందరివల్లా కాదు. ఎంబీఏ తర్వాత ఇటు వద్దామనుకుని ప్రోడక్ట్ మేనేజర్లుగా స్థిరపడిన స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు. అది మంచి బతుకే, కాకపోతే వాళ్లు బయల్దేరింది అక్కడికి కాదు. డిజైన్ అనుభవం ముందే చేతిలో ఉన్నవాళ్లే ఈ దారిలో తిరిగి ఇటు రాగలుగుతున్నారు. ఏ డిజైన్ అనుభవమూ లేకుండా ఎంబీఏ చేసి స్ట్రాటజిస్ట్ అవుదామనుకుంటే నేను వద్దనే చెబుతాను.

## విదేశీ మాస్టర్స్

ఈ రెండు సగాల్నీ కలిపి నేర్పాలని కట్టిన కోర్సులు ఎక్కువగా బయటే ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో టీయూ డెల్ఫ్ట్‌లో స్ట్రాటజిక్ ప్రోడక్ట్ డిజైన్, న్యూయార్క్ పార్సన్స్‌లో స్ట్రాటజిక్ డిజైన్ అండ్ మేనేజ్‌మెంట్, ఫిన్లాండ్ ఆల్టోలో ఇంటర్నేషనల్ డిజైన్ బిజినెస్ మేనేజ్‌మెంట్ బాగా తెలిసినవి. షికాగోలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1937లో న్యూ బౌహౌస్‌గా మొదలైంది, డిజైన్ పద్ధతుల్ని ఒక శాస్త్రంలా నేర్పడంలో దానికి పెద్ద పేరు.

డబ్బు మాట సూటిగా మాట్లాడుకుందాం. డెల్ఫ్ట్‌లో యూరప్ బయటివాళ్లకు ట్యూషనే ఏడాదికి 20 వేల యూరోలు దాటుతుంది. పార్సన్స్‌లో ఏడాదికి 50 వేల డాలర్ల పైమాటే. ఇల్లు, తిండి దీనికి అదనం. ఇంటిని తాకట్టు పెట్టే నిర్ణయం కాబట్టి కోర్సు బ్రోషర్ కన్నా ముందు రెండు విషయాలు చూడండి. అమెరికా కోర్సు అయితే దానికి స్టెమ్ హోదా (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం కోర్సుగా గుర్తింపు) ఉందో లేదో విశ్వవిద్యాలయాన్నే రాతపూర్వకంగా అడగండి. హోదా ఉంటే 12 నెలల ఓపీటీకి (చదువు తర్వాత అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి) ఇంకో 24 నెలలు కలుస్తాయి, లేకపోతే ఏడాదిలో అంతా తేల్చుకోవాలి. నెదర్లాండ్స్‌లో చదువు తర్వాత పని వెతుక్కోవడానికి ఏడాది పర్మిట్ ఇస్తారు.

ఇంకో చిక్కు భాషది. స్ట్రాటజిస్ట్ పనిలో సగం స్థానిక మనుషుల మాటల వెనకున్న అర్థం పట్టుకోవడం. ఖమ్మం షాపాయన "చూద్దాంలే" అంటే అది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. డచ్ వంటింట్లో అలాంటి మాట ఏదో నాకు తెలియదు. కోడింగ్ ఉద్యోగానికి ఈ ఇబ్బంది లేదు, మన పనికి ఉంది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో కొందరు ఈ పనిని చాలా బాగా చేస్తున్నారు, వాళ్లు ఆ దేశపు రోజువారీ జీవితంలో కొన్నేళ్లు మునిగిన తర్వాతే అది సాధ్యమైంది. స్కాలర్‌షిప్ దొరికితే, లేదా రెండు మూడేళ్ల అనుభవంతో వెళ్తే ఈ దారి మంచిది. డిగ్రీ అవగానే మొత్తం అప్పు మీద వెళ్లడం నాకు టెన్షన్ పుట్టిస్తుంది.

## ఉన్న ఉద్యోగంలోనే మారడం

దీనికి బ్రోషర్ ఉండదు, అడ్మిషన్ ఆఫీసు ఉండదు, అందుకే ఎవరూ దీని గురించి గట్టిగా చెప్పరు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఈ దారిలోనే వచ్చారు.

మన ఐటీ కంపెనీల్లో దీనికి చోటు ఉంది. విప్రో 2015లో డిజైనిట్‌ను, ఇన్ఫోసిస్ 2018లో వాంగ్‌డూడీని, టీసీఎస్ అదే ఏడాది లండన్‌లోని డబ్ల్యూ12 స్టూడియోస్‌ను కొన్నాయి. అంతకు ముందే 2013లో యాక్సెంచర్ ఫ్యోర్డ్‌ను కొంది. ఇలా కొన్నవన్నీ డిజైన్, క్రియేటివ్ సంస్థలే. ఈ పెద్ద కంపెనీల్లో ఏదో ఒక మూల డిజైన్ టీమ్ ఉంటుంది, పక్క బిల్డింగ్‌లో ఉన్నా మీకు తెలియకపోవచ్చు. హైదరాబాద్‌లోని బహుళజాతి సంస్థల కేంద్రాల్లో కూడా రీసెర్చ్, సర్వీస్ డిజైన్ టీమ్‌లు పెరిగాయి.

మారే పద్ధతి ఇలా ఉంటుంది. మీరు బిజినెస్ అనలిస్ట్ అనుకోండి, డబ్బు సగం కొంత ఉంది. వచ్చే ప్రాజెక్టులో రిక్వైర్‌మెంట్లు రాసే ముందు ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఐదుగురి పక్కన ఒక్కో పూట కూర్చుంటానని మీ మేనేజర్‌ను అడగండి. మీటింగ్ పెట్టి ప్రశ్నలు అడగొద్దు, పక్కన కూర్చుని చూడండి. వాళ్లు మానిటర్ అంచుకు అంటించుకున్న చీటీలు, పక్కన విడిగా పెట్టుకున్న ఎక్సెల్ ఫైలు, ఫోన్ చేసి అడిగే పాత ఉద్యోగి, ఇవన్నీ ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడ విఫలమైందో చెబుతాయి. దాన్ని రెండు పేజీల్లో రాసి, ఒక్క సిఫార్సు, దాని ఖర్చు కలిపి ఇవ్వండి. మొదటిసారి ఎవరూ పట్టించుకోకపోవచ్చు. మూడోసారికి మిమ్మల్ని పిలుస్తారు.

మీరు డిజైనర్ అయితే తిరగేసి చేయండి. ఫైనాన్స్‌లో ఒక స్నేహితుణ్ని సంపాదించండి. మీ ప్రోడక్ట్ ఒక్కో కస్టమర్ మీద ఎంత సంపాదిస్తోంది, సపోర్ట్ కాల్ ఒక్కోదానికి ఎంత ఖర్చవుతోంది అడిగి తెలుసుకోండి. మీ తర్వాతి డిజైన్ ప్రెజెంటేషన్‌లో మొదటి స్లైడ్ ఆ అంకెతో మొదలుపెట్టండి.

ఇందులో లోటు ఏమిటంటే అంతా మీ మేనేజర్ మీద ఆధారపడి ఉంటుంది. వద్దనే మేనేజర్ దొరికితే ఏళ్లు గడిచిపోతాయి. ఏడాదిన్నరలో ఒక్క అవకాశం కూడా రాకపోతే టీమ్ మారండి, అదీ కుదరకపోతే కంపెనీ మారండి.

## చిన్న కోర్సులు

పదాలు తెలుస్తాయి, ఈ పని నచ్చుతుందో లేదో చవగ్గా తేలుతుంది. కోర్సెరాలో వర్జీనియా విశ్వవిద్యాలయం డార్డెన్ స్కూల్ వారి డిజైన్ థింకింగ్ కోర్సు మొదలుపెట్టడానికి బాగుంటుంది. లక్షల్లో ఫీజు అడిగి, ఆరు నెలల్లో స్ట్రాటజిస్ట్‌ను చేస్తామనే బూట్‌క్యాంపుల జోలికి వెళ్లొద్దు. ఇంటర్వ్యూ చేసేవైపు కూర్చున్నప్పుడు నేను ఆ సర్టిఫికెట్ కోసం ఎప్పుడూ వెతకలేదు.

## ఎవరికి ఏది

ఇప్పుడే బీటెక్ అయినవాళ్లు: సీడ్, డాట్ రెండూ రాయండి. రాకపోతే రీసెర్చ్ లేదా యూఎక్స్‌లో ఏ చిన్న ఉద్యోగమైనా పట్టుకోండి, వచ్చే ఏడాది మళ్లీ రాయొచ్చు.

నాలుగైదేళ్ల యూఎక్స్ డిజైనర్లకు మళ్లీ ఎం.డెస్ చదవడం నా దృష్టిలో దండగ. మీకు ఉన్న సగమే మళ్లీ వస్తుంది. ముందు ఉద్యోగంలోనే ప్రయత్నించండి, రెండేళ్లలో కదలకపోతే ఏడాది ఎంబీఏ గురించి ఆలోచించండి.

ఆర్కిటెక్చర్ చదివినవాళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వాళ్లకు ఎవరూ చెప్పరు. క్లయింటు బడ్జెట్, స్థలం, చట్టం, అందులో ఉండబోయే మనుషులు, ఇవన్నీ ఒకేసారి తూచడం వాళ్లకు మొదటి ఏడాది నుంచే అలవాటు. రెండు సగాలూ కొద్దికొద్దిగా ముందే ఉంటాయి. చాలాసార్లు వాళ్లకు కావాల్సింది ఒక సర్వీస్ డిజైన్ టీమ్‌లో చోటు, అంతే.

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్), సోషియాలజీ, జర్నలిజం వైపు నుంచి వచ్చేవాళ్లు మనుషుల సగంలో మా అందరికన్నా ముందుంటారు. మీరు చూసినదాన్ని బొమ్మగా, నమూనాగా మార్చడం నేర్చుకోవాలి. రీసెర్చర్ ఉద్యోగంతో మొదలుపెట్టండి.

ఇంటి లోను, పిల్లల ఫీజులు ఉన్నవాళ్లు జీతం ఆపుకుని చదవాల్సిన అవసరం ఈ రంగంలో లేదు. లోపలి నుంచే మారండి, ఆలస్యమైనా నష్టం లేదు. ఈ పనిలో నలభై దాటినవాళ్ల మాటకు విలువ పెరుగుతుంది.

మార్కెట్ సంగతి కూడా తెలుసుకుని దిగండి. ఈ రంగానికి పెద్ద పేరు తెచ్చిన డిజైన్ సంస్థ ఐడియో 2023లో సిబ్బందిలో దాదాపు మూడో వంతును తగ్గించుకుంది, మ్యూనిక్, టోక్యో ఆఫీసులు మూసేసింది. బయటి నుంచి వచ్చి సలహా చెప్పే స్టూడియోల కాలం గట్టిగా లేదు, కంపెనీల లోపల ఉండి పనిచేసేవాళ్లకు గిరాకీ నిలకడగా ఉంది. ఉద్యోగాలు వెతికేటప్పుడు డిజైన్ స్ట్రాటజిస్ట్ అన్న పేరొక్కటే కొడితే చాలా తక్కువ కనిపిస్తాయి. సర్వీస్ డిజైనర్, డిజైన్ రీసెర్చర్, ఎక్స్‌పీరియన్స్ స్ట్రాటజీ, ఇన్నొవేషన్ కన్సల్టెంట్ అని కూడా వెతకండి.

## ఏ దారైనా, పోర్ట్‌ఫోలియోలో ఇది ఉండాలి

కంపెనీ పని చూపించడానికి వీల్లేదని చాలామంది ఆగిపోతారు. మీ ఊళ్లోనే ఒకటి చేయండి. ఉదాహరణకు మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ వరుస తీసుకోండి. అక్కడి డాక్టర్ అనుమతి అడిగి రెండు వారాలు పొద్దున పూట వెళ్లండి. చీటీ రాయించుకోవడానికి ఎంతసేపు, డాక్టర్ దగ్గర ఎంతసేపు, మందుల కిటికీ దగ్గర ఎంతసేపు, గడియారం చూసి రాయండి. రోగుల జబ్బులు, పేర్లు రాయొద్దు. ఎనిమిది మందితో వాళ్ల ఇంటి దగ్గర మాట్లాడండి. వాళ్లు ఆ రోజు కూలి పోగొట్టుకున్నారా, బస్సు టైం ఎంత, ఎవరు తోడొచ్చారు?

తర్వాత రెండు దారులు గీయండి, మూడొద్దు. ఒక్కోదానికి ఎంత ఖర్చు, ఎవరి పని పెరుగుతుంది, ఎవరు అడ్డు చెప్పొచ్చు రాయండి. ఒకదాన్ని ఎంచుకుని, దానివల్ల ఏం వదులుకుంటున్నారో కూడా రాయండి. ఇంటర్వ్యూలో నేను మొదట చదివేది ఆ వదులుకున్నది రాసిన పేరానే. తర్వాత ఆ రెండు పేజీలు ఆ డాక్టర్‌కు చదివి వినిపించండి, డాక్టర్ ఏమన్నారో చివర్లో చేర్చండి.

సీడ్ రాయాలనుకునేవాళ్లకు రిజిస్ట్రేషన్ సాధారణంగా అక్టోబర్ ప్రాంతంలో మొదలవుతుంది. ఆ వరుస పని సెప్టెంబర్‌లోపు ముగించుకుంటే ఇంటర్వ్యూకి అదే చేతిలో ఉంటుంది.